యుద్ధం తర్వాత జపాన్ ఎదుగుదలలో ప్రభుత్వం ఏం చేసింది? తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్ గురించి మన దగ్గర రెండు మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. "వాళ్లు కష్టజీవులు, అందుకే పైకొచ్చారు" అనేది ఒకటి. "అక్కడ ప్రభుత్వమే దగ్గరుండి అన్నీ చేయించింది" అనేది రెండోది. మొదటి మాటతో నాకు పేచీ ఉంది. కష్టపడని జనం ఏ దేశంలోనూ లేరు, కాబట్టి అది జవాబు కాదు. రెండో మాటలో చాలా నిజం ఉంది. ఆ నిజం ఎంతవరకు వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది చూడాలి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, ఆర్థిక చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు అడిగే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు ఇవి.

1945లో జపాన్ నిజంగా సున్నా నుంచి మొదలైందా?

ఊళ్లు మాత్రం బూడిదయ్యాయి. 1945 మార్చి 9–10 రాత్రి ఒక్క టోక్యోలోనే లక్ష మంది వరకు చనిపోయారని అంచనా. హిరోషిమా, నాగసాకి సంగతి అందరికీ తెలిసిందే. అవి కాక 60కి పైగా పట్టణాలు బాంబులకు తగలబడ్డాయి. కొరియా, తైవాన్, మంచూరియా చేజారిపోయాయి. అక్కడి నుంచి, యుద్ధరంగాల నుంచి 60 లక్షలకు పైగా మనుషులు తిరిగొచ్చారు. వాళ్లకు పెట్టడానికి తిండి లేదు, రైళ్లు నడపడానికి బొగ్గు లేదు. సరుకు ఓడల్లో చాలా భాగం అప్పటికే సముద్రం పాలయ్యాయి.

కానీ నేర్చిన పని ఎక్కడికీ పోలేదు. యుద్ధ విమానాలు చేసిన నకాజిమా కంపెనీ ముక్కలైతే ఆ ముక్కల్లోంచే తర్వాత సుబారు కార్లు వచ్చాయి. నౌకాదళానికి 'గింగా' బాంబర్ విమానాన్ని రూపొందించిన మికి తదనావో రైల్వే పరిశోధన సంస్థలో చేరారు. గాలిని చీల్చుకుపోయే విమానం గురించి ఆయనకు తెలిసిందంతా షింకన్‌సెన్ బుల్లెట్ రైలు ఆకారానికి పనికొచ్చింది. చదువు వచ్చిన కార్మికులు, డ్రాయింగు చూసి యంత్రం చేయగల మేస్త్రీలు దేశమంతా ఉన్నారు. కాబట్టి డబ్బు లెక్కన సున్నా అనొచ్చేమో గానీ, మనుషుల లెక్కన సున్నా కాదు.

అమెరికా సాయం లేకపోతే జపాన్ లేచేదా?

1945 నుంచి 1952 ఏప్రిల్ 28 వరకు జపాన్ అమెరికా సైన్యం ఆధీనంలో ఉంది. జనరల్ మెకార్థర్ మాటే శాసనం. ఆ కాలంలో ఆహారం, ఎరువులు, పత్తి రూపంలో దాదాపు 180 నుంచి 200 కోట్ల డాలర్ల సాయం వచ్చింది. ఆకలి చావులను ఆపింది అదే. మిత్సుయి, మిత్సుబిషి, సుమితొమొ, యసుద అనే నాలుగు పెద్ద వ్యాపార కుటుంబాల హోల్డింగ్ కంపెనీలను రద్దు చేశారు. యూనియన్లకు చట్టబద్ధత ఇచ్చారు. 1947 మే 3న కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది.

చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. అమెరికన్లు జపాన్‌ను నేరుగా పాలించలేదు, అక్కడి అధికారుల ద్వారానే పాలించారు. సైనిక శాఖలు పోయాయి. పోలీసులనూ జిల్లాలనూ గుప్పిట్లో పెట్టుకున్న హోం శాఖను 1947 చివర్లో రద్దు చేశారు. ఆర్థిక శాఖ, వాణిజ్య శాఖ మాత్రం దాదాపు అలాగే నిలిచాయి. ఆ శాఖల అధికారులకు పోటీదారులైన సైన్యాధికారులు, పాత ధనిక కుటుంబాలు, పెద్ద భూస్వాములు ముగ్గురూ ఒకేసారి బలహీనపడ్డారు. తర్వాతి ఇరవై ఏళ్లలో టోక్యో అధికారులకు ఉన్న పలుకుబడి ఈ ఖాళీలోంచే వచ్చిందని నా అభిప్రాయం.

భూసంస్కరణకు అంత ప్రాధాన్యం ఎందుకు ఇస్తారు?

యుద్ధానికి ముందు జపాన్ సాగుభూమిలో దాదాపు 46 శాతం కౌలు కిందే ఉండేది. 1946 చట్టం ప్రకారం ఊళ్లో ఉండని భూస్వామి భూమి అంతా ప్రభుత్వం కొనేసింది. ఊళ్లో ఉండే భూస్వామి కౌలుకిచ్చిన భూమిలో సుమారు ఒక హెక్టారు, ఉత్తరాన ఉన్న హొక్కయిదో దీవిలో నాలుగు హెక్టార్లు ఉంచుకోవచ్చు. మిగతాది ఆ భూమిని దున్నుతున్న కౌలు రైతుకే అమ్మారు. మధ్యలో ద్రవ్యోల్బణం విపరీతంగా పెరగడంతో రైతు కట్టాల్సిన ధర చివరికి నామమాత్రం అయిపోయింది. కొన్నేళ్లకే కౌలు భూమి 10 శాతం దగ్గరకు దిగింది.

ఇది కాగితం మీద మిగిలిపోకపోవడానికి కారణం ఊరూరా ఎన్నికైన భూమి కమిటీలు. ఒక్కో కమిటీలో ఐదుగురు కౌలు రైతులు, ముగ్గురు భూస్వాములు, ఇద్దరు సొంత రైతులు. లెక్కలో కౌలు రైతులే ఎక్కువ. ఏ పొలం ఎవరు దున్నుతున్నారో ఆ ఊరి వాళ్లకు తెలిసినట్టు పై అధికారికి తెలియదు. అందుకే బినామీ పేర్లతో దాచడం కష్టమైంది.

రాజకీయంగా దీని ఫలితం ఎవరూ ఊహించనిది. భూమి వచ్చిన రైతు ఎర్రజెండా వైపు వెళ్లలేదు, భూమిని కాపాడుకునే చిన్న ఆస్తిపరుడయ్యాడు. ఆ తర్వాత నలభై ఏళ్లు కన్జర్వేటివ్ పార్టీకి గట్టి ఓటు అక్కడి నుంచే పడింది.

'ప్రాధాన్య ఉత్పత్తి' అంటే ఏమిటి? అది ఫలించిందా?

1947లో ఉన్న చిక్కు ఇది. ఉక్కు లేక గనులు బాగుచేయలేరు. బొగ్గు లేక ఉక్కు చేయలేరు. ఆర్థికవేత్త అరిసవ హిరోమి తదితరుల సలహాతో ప్రభుత్వం తన దగ్గరున్న కొద్దిపాటి సరుకును, డబ్బును ఈ రెండింటికే మళ్లించింది. దిగుమతి చేసిన చమురు ఉక్కు కొలిమికి, ఆ ఉక్కు గనికి, ఆ గని బొగ్గు మళ్లీ ఉక్కుకు. ఏడాదికి 3 కోట్ల టన్నుల బొగ్గు లక్ష్యం పెట్టుకున్నారు. గని కార్మికులకు మిగతావాళ్ల కంటే ఎక్కువ బియ్యం ఇచ్చారు.

ఉత్పత్తి లేచింది. కానీ దీనికోసం పెట్టిన పునర్నిర్మాణ ఆర్థిక బ్యాంకు అప్పులకు సొమ్ము నోట్ల ముద్రణ నుంచే వచ్చింది. ధరలు భగ్గుమన్నాయి. 1949లో డెట్రాయిట్ బ్యాంకరు జోసెఫ్ డాడ్జ్ వచ్చి బడ్జెట్ లోటును ఒక్క దెబ్బకు ఆపేశారు, ఆ బ్యాంకు కొత్త అప్పులు మాన్పించారు, డాలరుకు 360 యెన్లని రేటు కట్టారు. ఆ రేటు 1971 దాకా కదల్లేదు.

ధరలు ఆగాయి కానీ కంపెనీలు కూలబోయాయి. టొయోటా దివాలా అంచుకు చేరింది. బ్యాంక్ ఆఫ్ జపాన్ నగోయా శాఖ చొరవతో బ్యాంకులన్నీ కలిసి అప్పిచ్చి నిలబెట్టాయి. 1950లో పెద్ద సమ్మె జరిగింది, ఉద్యోగాలు పోయాయి, వ్యవస్థాపకుడు టొయోడ కీచిరో రాజీనామా చేశారు. అదే ఏడాది జూన్‌లో కొరియా యుద్ధం మొదలై అమెరికా సైన్యం ట్రక్కులకు ఆర్డర్లు ఇచ్చింది. పక్క దేశంలో లక్షల మంది చనిపోతుంటే ఇక్కడ ఫ్యాక్టరీలు తెరుచుకున్నాయి. జపాన్ ఎదుగుదల కథ చెప్పేటప్పుడు ఈ మాట దాటవేయకూడదు.

మిటి అనే శాఖ చేతిలో అసలు ఏ అధికారం ఉండేది?

మిటి అంటే అంతర్జాతీయ వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖ. 1949 మేలో పుట్టింది. దాని బలం ఒక్క మాటలో చెప్పాలంటే డాలర్లు. 1949 నాటి విదేశీ మారకద్రవ్య చట్టం కింద ఎగుమతిదారు సంపాదించిన ప్రతి డాలరూ ప్రభుత్వానికి అప్పగించాలి. దిగుమతి చేసుకోవాలంటే మళ్లీ ప్రభుత్వాన్ని అడిగి తెచ్చుకోవాలి. 1950 చట్టంతో విదేశీ టెక్నాలజీ కొనడానికీ, విదేశీ పెట్టుబడి రావడానికీ అనుమతి తప్పనిసరైంది. ఏ యంత్రం రావాలి, ఏ లైసెన్సు కొనాలి, ఎవరికి ముందు దొరకాలి అన్నదంతా ఫైలు మీద సంతకంతో తేలేది.

కార్ల సంగతి చూడండి. నిస్సాన్ బ్రిటన్‌కు చెందిన ఆస్టిన్‌తో, హినో ఫ్రాన్స్‌కు చెందిన రెనోతో, ఇసుజు ఇంకో బ్రిటిష్ కంపెనీతో ఒప్పందాలు చేసుకున్నాయి. వాటికి అనుమతి ఇస్తూనే, కొన్నేళ్లలో విడిభాగాలన్నీ జపాన్‌లోనే తయారవ్వాలని పట్టుబట్టారు. పూర్తయిన కార్ల దిగుమతి మీద కోటా 1965 దాకా ఉంది. ఈలోగా లోపల అరడజనుకు పైగా కంపెనీలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ పోటీ పడ్డాయి. బయటి పోటీకి తలుపు మూసి, లోపలి పోటీకి తెరిచి ఉంచారు. ఇందులో రెండో సగాన్ని మర్చిపోతే జపాన్ అర్థం కాదు.

ఎగుమతి చేసి సంపాదించిన ఆదాయం మీద 1953 నుంచి 1964 వరకు పన్ను రాయితీ ఉండేది. రాయితీ కావాలంటే బయటి దేశంలో కొనేవాడు దొరకాలి. అమెరికాలో ఉన్న కొనుగోలుదారుడు టోక్యో అధికారితో పరిచయం చూసి రేడియో కొనడు కదా.

పోస్టాఫీసు పొదుపుకూ పరిశ్రమలకూ సంబంధం ఏమిటి?

చాలా దగ్గరి సంబంధం. 1875 నుంచి జపాన్‌లో పోస్టాఫీసు పొదుపు ఉంది. పల్లెలో ముసలమ్మ దాచుకున్న వంద యెన్లు కూడా చివరికి ఆర్థిక శాఖ ఖాతాకే చేరేవి. 1953 నుంచి ఆ సొమ్మును, పెన్షన్ నిధులను కలిపి ప్రభుత్వ పెట్టుబడి, రుణాల కార్యక్రమంగా నడిపారు. దాన్ని 'రెండో బడ్జెట్' అనేవాళ్లు. పన్ను వేయకుండానే రోడ్లకు, ఇళ్లకు, చిన్న పరిశ్రమల రుణాలకు డబ్బు దొరికింది. 1951లో పెట్టిన జపాన్ డెవలప్‌మెంట్ బ్యాంకు మొదటి పదేళ్లలో ఎక్కువగా విద్యుత్తు, ఓడలు, బొగ్గు, ఉక్కు రంగాలకు అప్పిచ్చింది. ప్రభుత్వ బ్యాంకు అప్పిచ్చిందంటే ప్రైవేటు బ్యాంకులూ ధైర్యంగా ముందుకొచ్చేవి. అప్పు మొత్తం కంటే ఈ సిగ్నల్ విలువే ఎక్కువ.

ఇందులో నష్టపోయిన మనిషి కూడా ఉన్నాడు. వడ్డీ రేట్లను తక్కువలో కట్టిపెట్టారు కాబట్టి పొదుపు చేసినవాడికి దక్కాల్సిన దానిలో కొంత భాగం పరిశ్రమకు వెళ్లింది.

మరి కంపెనీలన్నీ మిటి చెప్పినట్టే నడిచాయా?

లేదు. నాకు ఈ కథలో బాగా నచ్చేది ఈ భాగమే.

సోనీ అప్పటికి టోక్యో ట్సూషిన్ కోగ్యో అనే చిన్న కంపెనీ. 1953లో ట్రాన్సిస్టర్ లైసెన్సు కోసం వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి 25,000 డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఇంత చిన్న కంపెనీ ఆ టెక్నాలజీని ఏం చేసుకుంటుందని మిటి నెలల తరబడి డాలర్లు ఇవ్వలేదు. చివరికి అనుమతి వచ్చాక 1955లో వాళ్ల ట్రాన్సిస్టర్ రేడియో బయటికొచ్చింది.

కవాసాకి స్టీల్ అధిపతి నిషియామ యతారో చిబా తీరంలో సరికొత్త ఉక్కు ఫ్యాక్టరీ కడతానన్నారు. కంపెనీ మూలధనానికి ఎన్నో రెట్ల ఖర్చు అది. బ్యాంక్ ఆఫ్ జపాన్ గవర్నర్ ఇచిమాద హిసాతో మాటకు ఎదురులేదు కాబట్టి ఆయన్ని 'పోప్' అని పిలిచేవారు. అలాంటి ఆయన ఈ ప్రాజెక్టుకు ఒప్పుకోలేదు. నిషియామ వెనక్కి తగ్గలేదు, 1953లో మొదటి కొలిమి వెలిగింది. ఓడలోంచి దిగిన ఖనిజం ఒక వైపు నుంచి వెళ్లి ఇంకో వైపు ఉక్కుగా బయటికొచ్చే ఆ నమూనానే తర్వాత మిగతా కంపెనీలూ పట్టుకున్నాయి.

1963లో మిటి ఇంకో అడుగు వేసింది. కార్లు, ప్రత్యేక ఉక్కు, పెట్రోకెమికల్స్ లాంటి రంగాల్లో కంపెనీలను కలిపి కొన్ని పెద్ద గ్రూపులుగా చేసేందుకు ఒక చట్టం తేవాలని చూసింది. దాని వెనుక ఉన్నది సహాషి షిగెరు అనే గట్టి అధికారి. కొత్తగా ఎవరూ కార్ల రంగంలోకి రాకూడదన్నది ఆలోచన. అప్పటిదాకా మోటార్‌సైకిళ్లే చేస్తున్న హోండా సొయిచిరో దీన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. తలుపు మూసుకునేలోగా లోపల ఉండాలని 1963లోనే చిన్న ట్రక్కు, స్పోర్ట్స్ కారు మార్కెట్‌లోకి తెచ్చారు. బ్యాంకులకూ ఆ చట్టం నచ్చలేదు. డైట్‌లో, అంటే వాళ్ల పార్లమెంటులో, మూడుసార్లు పెట్టినా బిల్లు నెగ్గలేదు. ఆ చట్టం వచ్చి ఉంటే హోండా కారు ఉండేదా?

అయితే మిటి ఎప్పుడూ ఓడిపోయిందనుకోవద్దు. 1965లో ఉక్కు ధరలు పడిపోతుంటే ఉత్పత్తి తగ్గించమని కంపెనీలకు చెప్పింది. సుమితొమొ మెటల్స్ ఒప్పుకోలేదు. దిగుమతి బొగ్గు కోటా తగ్గిస్తామనేసరికి చివరికి దిగొచ్చింది. చట్టం లేకుండా, రాతపూర్వక ఆజ్ఞ లేకుండా ఇలా చెప్పి చేయించడాన్ని 'గ్యోసెయి షిదో' అంటారు, అంటే పాలనాపరమైన మార్గదర్శనం. వినకపోయినా చట్టప్రకారం నేరం కాదు. కానీ రేపు ఇంకో అనుమతి కోసం వెళ్లాల్సింది ఆ ఆఫీసుకే.

1960లో ఏం జరిగింది? ఆ ఏడాదిని ఎందుకు మలుపు అంటారు?

అప్పటి ప్రధాని కిషి నొబుసుకె. యుద్ధానికి ముందు మంచూరియాలో పరిశ్రమల ప్రణాళిక నడిపిన అధికారి. యుద్ధం తర్వాత యుద్ధనేరాల అనుమానితుడిగా జైల్లో ఉండి, విచారణ లేకుండానే విడుదలయ్యారు. ఆయన అమెరికాతో భద్రతా ఒప్పందాన్ని సవరించి, 1960 మే 19 రాత్రి సోషలిస్టు సభ్యులను పోలీసులతో బయటికి లాగించి దిగువ సభలో నెగ్గించారు. జనం రగిలిపోయారు. లక్షల మంది డైట్ చుట్టూ చేరారు. జూన్ 15న తోపులాటలో టోక్యో యూనివర్సిటీ విద్యార్థిని కంబా మిచికొ చనిపోయింది. ఆమెకు 22 ఏళ్లు. ఐసెన్‌హోవర్ పర్యటన రద్దయింది, జులైలో కిషి దిగిపోయారు. అదే సమయంలో మిత్సుయి వారి మీకె బొగ్గు గనిలో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా నెలల తరబడి సమ్మె నడుస్తోంది. దేశం రెండుగా చీలినట్టే ఉంది.

కిషి స్థానంలో వచ్చిన ఇకెద హయాతో ఆర్థిక శాఖ మనిషి. పేదలు బార్లీ తినాలన్నట్టుగా 1950లో ఆయన అన్న మాట పెద్ద గొడవైంది. అలాంటి ఆయనే ఇప్పుడు గొంతు తగ్గించి, రాజ్యాంగం జోలికి వెళ్లకుండా, పదేళ్లలో దేశ ఆదాయాన్ని రెట్టింపు చేస్తామన్నారు. లెక్క ప్రకారం ఏటా 7.2 శాతం పెరగాలి. ఇంకా వేగంగా పెరగొచ్చని ఆర్థికవేత్త షిమొముర ఒసాము ముందునుంచీ వాదించారు, చివరికి ఆయన మాటే నిజమైంది. దాదాపు ఏడేళ్లకే రెట్టింపయింది.

ఆ ప్రణాళికలో ఫలానా కంపెనీ ఇంత చేయాలనే ఆజ్ఞలు లేవు. రోడ్లు, రేవులు, నీళ్లు, సైన్సు చదువులు, పన్నుల తగ్గింపు ఉన్నాయి. వీటి కంటే ముఖ్యంగా ఒక భరోసా ఉంది. ప్రభుత్వం ఈ దిశలోనే వెళ్తుందని తెలిసినప్పుడు ఫ్యాక్టరీ యజమాని భయం లేకుండా రెండో షెడ్డు కడతాడు. భద్రతా ఒప్పందం మీద కొట్టుకుంటున్న ఇంట్లోకి ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, టీవీ వచ్చాయి. కోపం పూర్తిగా చల్లారిందని అనను గానీ రాజకీయం మాట్లాడే విషయం మారింది.

ఎల్‌డీపీ 38 ఏళ్లు వరసగా ఎలా గెలిచింది?

1955 అక్టోబరులో సోషలిస్టు వర్గాలు ఏకమయ్యాయి. అది చూసి భయపడిన వ్యాపారవర్గాల ఒత్తిడితో నవంబరు 15న రెండు కన్జర్వేటివ్ పార్టీలు కలిసి లిబరల్ డెమొక్రాటిక్ పార్టీ (ఎల్‌డీపీ) అయ్యాయి. 1993 ఆగస్టు దాకా అధికారం దాని చేతిలోనే ఉంది. ఎన్నికలు ప్రతిసారీ జరిగాయి, పత్రికలు తిట్టాయి, ప్రతిపక్షం ఉంది. అయినా ప్రభుత్వం మారలేదు.

దీనికి సొమ్ము ఒక కారణం. పెద్ద కంపెనీల విరాళాలు వచ్చేవి. 1950ల చివర్లో, 60ల్లో అమెరికా కూడా కన్జర్వేటివ్ నాయకులకు రహస్యంగా డబ్బిచ్చిందని అమెరికా ప్రభుత్వమే తర్వాత ఒప్పుకుంది. కానీ సొమ్ముతోనే అన్నేళ్లు గెలవలేరు. ఎదుగుదల ఫలం అందని వాళ్లకు వాటా పంచడంలో ఉంది అసలు కిటుకు. ప్రభుత్వం రైతు దగ్గర ఎక్కువ ధరకు బియ్యం కొని, పట్టణంలో తక్కువకు అమ్మి, నష్టం తను భరించింది. బియ్యం మిగిలిపోయి చివరికి సాగు తగ్గించమని డబ్బివ్వాల్సి వచ్చింది. పెద్ద షాపులు వస్తే వీధి కొట్లు పోతాయని 1973లో చట్టం చేశారు. 1961 నాటికి దేశమంతటికీ ఆరోగ్య బీమా, పెన్షన్ వచ్చాయి. ప్రతిపక్షం అడిగేదాన్ని కొన్నేళ్లు ఆగి తామే చేయడం ఎల్‌డీపీ అలవాటు.

ఎన్నికల పద్ధతి కూడా కలిసొచ్చింది. ఒక్కో నియోజకవర్గంలో ముగ్గురి నుంచి ఐదుగురి దాకా గెలుస్తారు, ఓటరుకు మాత్రం ఒక్క ఓటే. అంటే ఒకే పార్టీ అభ్యర్థులు ఒకరితో ఒకరు పోటీ పడాలి. అందుకే ప్రతి నాయకుడికీ సొంత అభిమాన సంఘం 'కోయెన్‌కై' ఉండేది. పెళ్లిళ్లకు వెళ్లాలి, చావులకు వెళ్లాలి, ఊరికి వంతెన తేవాలి. పల్లె ఓటు బరువు కూడా ఎక్కువే. 1972 ఎన్నికల్లో కొన్నిచోట్ల పల్లె ఓటు విలువ పట్టణ ఓటుకు దాదాపు ఐదు రెట్లుంది. అది రాజ్యాంగానికి విరుద్ధమని 1976లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ రాజకీయానికి నిలువెత్తు రూపం తనక కకుయేయి. మంచు పడే నీగాత నుంచి, యూనివర్సిటీ చదువు లేకుండా వచ్చి 1972లో ప్రధాని అయ్యారు. రోడ్లు, సొరంగాలు, రైలు తన ప్రాంతానికి తెచ్చారు. లాక్‌హీడ్ విమానాల లంచం కేసులో 1976లో అరెస్టయ్యారు, 1983 అక్టోబరులో శిక్ష పడింది. రెండు నెలలకే జరిగిన ఎన్నికల్లో నీగాత జనం ఆయనకు 2 లక్షల 20 వేల ఓట్లు వేశారు. వాళ్లను తెలివితక్కువవాళ్లని అనడం నాకు ఇష్టం ఉండదు. టోక్యో వెలిగిపోతున్నప్పుడు తమను గుర్తుపెట్టుకున్న ఒకే ఒక్కడికి వాళ్లు ఓటేశారు. లంచం లంచమే, అది వేరే సంగతి.

పాలించింది నాయకులా, అధికారులా?

రెండు గుంపులుగా విడదీయడమే కష్టం. 1957 నుంచి 1972 దాకా ప్రధానులు ముగ్గురే: కిషి, ఇకెద, సతో. ముగ్గురూ మాజీ అధికారులే. కిషి, సతో స్వయానా అన్నదమ్ములు. యాభై ఏళ్లు దాటగానే అధికారి పదవి వదిలి, తాను నియంత్రించిన కంపెనీలోనో ప్రభుత్వ సంస్థలోనో చేరేవాడు. దీన్ని 'అమకుదరి' అంటారు, ఆకాశం నుంచి దిగిరావడం అని అర్థం. దీనివల్ల శాఖకూ పరిశ్రమకూ మధ్య మాట సులువుగా నడిచింది. అదే దారిలో తప్పులు దాచడమూ సులువైంది.

ఈ ఎదుగుదలకు మూల్యం ఎవరు చెల్లించారు?

ఈ ఒక్క ప్రశ్నకు మినమాత చాలు.

క్యూషూ దీవిలో, కుమమోతో ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం, జిల్లా లాంటి పాలనా ప్రాంతం), చేపలు పట్టుకుని బతికే ఊరది. అక్కడి చిస్సో రసాయనాల ఫ్యాక్టరీ పాదరసం కలిసిన వ్యర్థాలను సముద్రంలోకి వదిలింది. పిల్లులు పిచ్చెత్తినట్టు తిరిగి చచ్చిపోయాయి. తర్వాత మనుషుల చేతులు వణికాయి, మాట పడిపోయింది, చూపు తగ్గింది. తల్లి కడుపులోనే జబ్బు సోకి పిల్లలు పుట్టారు. 1956 మే 1న వింత వ్యాధిగా నమోదైంది. నమోదు చేయించింది ఫ్యాక్టరీ ఆసుపత్రి డాక్టరు హొసొకావ హాజిమెనే. 1959 జులైలో కుమమోతో యూనివర్సిటీ పరిశోధకులు కారణం సేంద్రియ పాదరసమని చెప్పారు. ఆ అక్టోబరులో హొసొకావ ఫ్యాక్టరీ వ్యర్థాన్ని ఒక పిల్లికి తిండిలో కలిపి పెట్టి చూస్తే దానికీ అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని బయటపెట్టలేదు. డిసెంబరులో బాధితులకు 'పరామర్శ సొమ్ము' ఇచ్చి, రేపు తప్పు ఫ్యాక్టరీదేనని తేలినా ఇంకేమీ అడగబోమని సంతకాలు చేయించుకుంది.

ప్రభుత్వం ఎప్పుడు ఒప్పుకుంది? 1968 సెప్టెంబరు 26న. పాదరసం వాడే ఆ తయారీ విధానాన్ని ఫ్యాక్టరీ తనంతట తాను ఆపేసిన నాలుగు నెలల తర్వాత. ఈలోగా 1965లో నీగాతలో ఇంకో కంపెనీ వల్ల అదే వ్యాధి మళ్లీ వచ్చింది. ఆ ఫ్యాక్టరీల ఉత్పత్తి ప్లాస్టిక్ పరిశ్రమకు అవసరం, ప్లాస్టిక్ ఎదుగుదలకు అవసరం. జాలరి ఎవరికీ అవసరం కాలేదు. ఇంతకుముందు చెప్పిన మిటి తెలివితేటలన్నీ ఒక ఎత్తు, ఈ పన్నెండేళ్లు ఒక ఎత్తు.

బాధితులు కోర్టుకు వెళ్లారు. 1973లో కంపెనీ మీద గెలిచారు. కాలుష్యాన్ని ఆపకుండా ఊరుకున్నందుకు జాతీయ ప్రభుత్వమూ ప్రిఫెక్చరూ బాధ్యులేనని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. యొక్కయిచిలో ఆస్తమా, తొయామలో ఎముకలు విరిగే 'ఇతాయ్ ఇతాయ్' వ్యాధి కూడా ఆ రోజుల్లోవే. 'ఇతాయ్' అంటే నొప్పి అని అర్థం, రోగుల మూలుగే జబ్బు పేరయింది. టోక్యోలోనూ ఇతర పట్టణాల్లోనూ ప్రతిపక్షాల అభ్యర్థులు గెలవడం మొదలయ్యాక, 1970 చివర్లో డైట్ ఒకే సమావేశంలో 14 కాలుష్య చట్టాలు చేసింది. 1971లో పర్యావరణ ఏజెన్సీ వచ్చింది. ఓటు పోతుందన్న భయం పుట్టాక పని ఎంత త్వరగా జరిగిందో చూడండి.

ఈ కథకూ మన విశాఖకూ సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే. జపాన్ ఉక్కు ఫ్యాక్టరీలు సముద్రం ఒడ్డునే కట్టినవి, ఖనిజం మొత్తం ఓడల్లో రావాల్సిందే. 1960లో భారత్, జపాన్ మధ్య ఇనుప ఖనిజం ఒప్పందం కుదిరింది. బస్తర్‌లోని బైలదిల్లా కొండల నుంచి విశాఖ రేవుకు ఖనిజం దించడానికే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. సొరంగాల్లోంచి అరకు వెళ్తూ పిల్లలు కేకలు పెట్టే లైను అదే. 1976లో మొదలైన విశాఖ ఔటర్ హార్బర్ కూడా పెద్ద ఖనిజం ఓడల కోసమే. జపాన్ ప్రభుత్వం మొట్టమొదటి యెన్ రుణం ఇచ్చింది కూడా మన దేశానికే, 1958లో.

ఇండియాలోనూ లైసెన్సులు, డాలర్ల కంట్రోలు ఉండేవి కదా. అక్కడ ఫలించింది ఇక్కడ ఎందుకు ఫలించలేదు?

పరికరాలు దాదాపు ఒకటే, వాడిన తీరు వేరు. ఇక్కడ ఒక కంపెనీకి లైసెన్సు వస్తే రెండో కంపెనీకి రాకపోవడమే లాభం. అక్కడ ఒకే టెక్నాలజీ పోటీ కంపెనీలు ఐదారింటికి దొరికేది. పైగా 1964లో జపాన్ ధనిక దేశాల కూటమి ఓఈసీడీలో చేరడంతో రక్షణ ఎప్పటికీ ఉండదని కంపెనీలకు స్పష్టంగా తెలిసింది. భూసంస్కరణ, స్కూలు చదువు అప్పటికే పూర్తయి ఉండటం, అమెరికా మార్కెట్ తెరిచి ఉండటం, రక్షణ ఖర్చు జాతీయోత్పత్తిలో 1 శాతం దగ్గరే ఆగడం కూడా లెక్కలోకి రావాలి. ఇవేవీ మిటి తెలివి కాదు. అందుకే మిటిని మాత్రమే అనుకరించిన దేశాలకు జపాన్ ఫలితం రాలేదు.

అయితే ఎదుగుదల ఎప్పుడు, ఎందుకు ఆగింది?

1955 నుంచి 1973 దాకా సగటున ఏటా 10 శాతం దగ్గర పెరిగింది. 1968లో పశ్చిమ జర్మనీని దాటి పెట్టుబడిదారీ దేశాల్లో అమెరికా తర్వాతి స్థానానికి చేరింది. 1971లో డాలరు–బంగారం బంధం తెగి 360 రేటు పోయింది. 1973 అక్టోబరు చమురు సంక్షోభంతో 1974లో ధరలు 20 శాతం పైన పెరిగాయి, యుద్ధం తర్వాత మొదటిసారి ఉత్పత్తి తగ్గింది. పొదుపుగా ఇంధనం వాడే కార్లు, సెమీకండక్టర్లతో మళ్లీ లేచినా పాత వేగం రాలేదు. డాలరు విలువ తగ్గించాలని పెద్ద దేశాలు చేసుకున్న 1985 ప్లాజా ఒప్పందం తర్వాత యెన్ విలువ పెరిగితే, ఎగుమతులకు దెబ్బ తగులుతుందని వడ్డీ రేటు 2.5 శాతానికి దించారు. ఆ చవక డబ్బు భూమి, షేర్ల మీదకు పరుగెత్తింది. 1989 డిసెంబరు 29న టోక్యో షేర్ల సూచీ నిక్కెయ్ 38,915కు చేరి, అక్కడి నుంచి కూలింది. అదే ఏడాది రిక్రూట్ అనే కంపెనీ షేర్ల కుంభకోణంలో ప్రధాని తకెషిత దిగిపోయారు. పంచడానికి పెరుగుదల లేనప్పుడు పంచే పార్టీ బలహీనపడుతుంది, 1993లో ఓడిపోయింది.

ఆ వ్యవస్థలో ఇప్పుడు ఏం మిగిలింది?

2001లో మిటి పేరు, రూపం మారి ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల శాఖ అయింది. పోస్టాఫీసు సొమ్ము ఆర్థిక శాఖకు తప్పనిసరిగా వెళ్లే పద్ధతి కూడా ఆ ఏడాదే ఆగింది. 1993లో దిగిపోయిన ఎల్‌డీపీ మాత్రం ఏడాది లోపే అధికారంలోకి తిరిగొచ్చింది, తర్వాత ఎక్కువ కాలం దానిదే పాలన.

ఈమధ్య ఆ శాఖ మళ్లీ పాత దారి పట్టింది. తైవాన్ చిప్ కంపెనీ టీఎస్ఎంసీ జపాన్‌లో కట్టిన ఫ్యాక్టరీకి వేల కోట్ల యెన్ల సబ్సిడీ ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఆ ఫ్యాక్టరీ ఉన్నది కుమమోతోలో, మినమాత ఉన్న ప్రిఫెక్చర్‌లోనే. చిప్‌ల తయారీకి నీళ్లు చాలా కావాలి. కుమమోతో నగరం తాగేది భూగర్భ జలమే. ఈసారి అక్కడి జనం ఆ నీటి మట్టాన్ని, నాణ్యతను ముందునుంచే లెక్క అడుగుతున్నారు.